చాంద్‌బీకి దక్కని చివరి అరగంట

రెండువేల ఇరవై నాలుగవ సంవత్సరం నవంబరు పన్నెండవ తేదీ, మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. బంగాళాఖాతంలో ఎక్కడో అల్పపీడనం ఏర్పడిన కారణాన ప్రొద్దుటూరు మీద తెల్లవారినది మొదలు సన్నని తుంపర విడవకుండా పడుతున్నది. ఆ తుంపరలో, జమ్మలమడుగు నుండి కారులో వచ్చిన తిరుపాలమ్మ, చిలకపచ్చ పట్టు గుడ్డను తడవకుండా కొంగు చాటున పట్టుకొని చాంద్‌బీ కుట్టుపని గదిలో అడుగుపెట్టింది. నెలాఖరున బంధువుల ఇంట పెండ్లి. జాకెట్టు మాత్రం శనివారానికే కావాలని ఆజ్ఞాపించింది. చాంద్‌బీ టేపు అందుకొని చేతులు చాపమన్నది. తిరుపాలమ్మ చేతులు చాపింది. చాంద్‌బీ సినిమా మొదలుపెట్టింది.

కొలతలకూ సినిమాకూ గల సంబంధం తెలియాలంటే కొంత వెనుకకు పోవలసి ఉంటుంది. దర్జీలు ఆలస్యం చేయడం లోకమంతటా ఉన్నదే. చాంద్‌బీ మాత్రం చెప్పిన నాటికి కుట్టి ఇచ్చే మనిషి. ఆమె వద్ద ఆలస్యమంతా కుట్టించుకొనేవారిది. పులివెందులవారు, జమ్మలమడుగువారు బంగారానికీ బట్టలకూ ప్రొద్దుటూరు వచ్చి, పనిలో పనిగా జాకెట్టు గుడ్డలు ఆమెకు అప్పగించి, మళ్లీ ఏ పండుగకో గాని అటు తొంగి చూసేవారు కాదు. కుట్టిన జాకెట్లు బీరువా నిండి, మంచం కిందికి దిగి, అక్కడి నుండి మంచం మీదికే ఎక్కి, చివరకు ఆమె భర్త గౌస్ మొహిద్దీన్ కువైట్ నుండి సెలవు మీద వచ్చినప్పుడు నడుము వాల్చడానికి చోటు లేని స్థితి ఏర్పడింది. అప్పుడు ఆమెకు తట్టిన ఉపాయం ఇది: కొలతలు తీసేటప్పుడు ఒక హిందీ సినిమా కథ ముప్పాతిక వంతు చెప్పడం, మిగిలినది జాకెట్టు తీసుకొని పోవడానికి వచ్చిననాడు చెప్పడం. నెల తిరగకముందే బీరువా ఖాళీ అయింది. గౌస్ మొహిద్దీన్‌కు మంచం తిరిగి వచ్చింది. ఐతే అప్పటికి అతని సెలవు ముగిసింది.

ఈ వ్యవహారంలో పేరు మోసిన సినిమా పనికిరాదు. దాని ముగింపు తెలుగు మాటలతో టీవీలో వచ్చి, ప్రతి ఇంటా అందరూ చూసేసి ఉంటారు. ఎవరూ చూడనిది కావాలి. చూడకపోయినా చెప్పదగ్గది కావాలి. అటువంటివి లేకపోలేదు. ఫోనులో సినిమాలు చూపే యాప్‌లలో, వరుస తరువాత వరుస కిందికి జరుపుకొంటూ పోతే, బట్టల కొట్టు అడుగు అరలో మడత విప్పని మంచి చీర వలె అవి పడి ఉంటాయి. వచ్చిన వారానికే మరుగున పడి, తీసినవారి చుట్టాలు కూడా చూశారో లేదో తెలియని సినిమాలు. వాటిని ఏరడం చాంద్‌బీకి వ్యసనమైంది.

ఏరడానికి ఆమెకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అందరికీ చూపే మొదటి వరుస వైపు ఆమె చూసేది కాదు. బొమ్మ మీద తుపాకి పట్టినవాడుంటే దాటిపోయేది. మొదటి పావుగంటలో ఎవరో ఒకరు నిజంగా భోజనం చేస్తే ఆగేది. తింటున్నట్లు నటించేవారి దవడ ఆమెకు ఇట్టే దొరికిపోయేది. అటు పిమ్మట అసలు పరీక్ష. ఫోనును మిషను మీద గోడకు ఆనించి, చూపు కుట్టు మీద నిలిపి, చెవితో సినిమా వినేది. ఇంటి భాష ఉర్దూ గనుక హిందీ ఆమె చెవికి చుట్టమే. ఏ మాట దగ్గర ఆమె కాలు తొక్కడం మరచి మిషను ఆగిపోతుందో ఆ సినిమా మంచిది. కోట్లు కుమ్మరించి తీసిన యుద్ధాలు హోరెత్తుతున్నా ఆమె మిషను అదురు బెదురు లేక సాగిపోయేది. ఒక ముసలాయన ఆఫీసులో తనకిక కుర్చీ లేదని తెలిసి కిటికీ దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా విప్పుకొన్న చిన్న సినిమాకు మాత్రం ఒక సాయంకాలమంతా మిషను కదలలేదు. ఆ రోజు చేయి అతకని జాకెట్టు ఆమె ఒడిలోనే ఉండిపోయింది.

ఇన్ని తెలిసిన చాంద్‌బీకి తెలియనివి ముగింపులు. ఆ యాప్ ఖాతా కువైట్‌లో గౌస్ మొహిద్దీన్ ఉండే గదిది. గదిలోని డ్రైవర్లందరూ కలిసి తీసుకొన్నది. ఒకే సమయంలో కొందరు మాత్రమే చూడవచ్చునని దానికొక కట్టడి. వారు డ్యూటీ దిగి, గదికి చేరి, ఫోన్లు తెరిచే వేళకు ప్రొద్దుటూరులో సాయంకాలం ఐదున్నర. గిరాకీలు, వంట, నమాజు ముగించుకొని చాంద్‌బీ సినిమా పెట్టేది నాలుగింటికి. అందుచేత చివరి అరగంట ఉందనగా తెర నల్లబడి, చూసేవారు ఎక్కువయ్యారని ఒక మాట వచ్చి నిలిచేది. మరునాడు ఆ అరగంట చూడరాదా అంటే, మరునాడు కుట్టించుకొనేవారికి మరొక సినిమా వెతకాలి. భర్తకు చెప్పుకోరాదా అంటే, తాను అక్కడ ఎండలో బండి తోలుతుంటే భార్య ఇక్కడ సినిమాలు చూస్తున్నదా అని గదిలో నలుగురి ముందు అంటాడేమోనని ఆమె సంకోచం. కనుక ముగింపులు ఆమే అల్లేది. ధారాళంగా అల్లేది. అలిగి పోయినవారిని ఇంటికి రప్పించేది. దుర్మార్గునికి పక్షవాతం తెప్పించేది. సరిపడని జంటను విడదీసి ఇద్దరికీ వేరు వేరు ఊళ్లలో మంచి ఉద్యోగాలు ఇప్పించేది. ఆమె ముగింపు విని అసంతృప్తితో మెట్లు దిగినవారు లేరు.

ఇక తిరుపాలమ్మ సంగతి. ఆమె భర్త ఆదినారాయణకూ అతని తమ్మునికీ తొండూరులో కలిసి ఉన్న చీనీ, అనగా బత్తాయి, తోట ఉంది. ఆరేండ్ల కిందట బోరు నీళ్ల వంతు విషయమై అన్నదమ్ములు మాటా మాటా అనుకొని కోర్టుకెక్కారు. అన్న కాపురం జమ్మలమడుగులో, తమ్ముని కాపురం పులివెందులలో. వాయిదా నాడు కోర్టు బయట అన్నదమ్ములు ఒకే బల్ల మీద కూర్చొని టీ తాగుతారని వినికిడి. వారి భార్యలు తిరుపాలమ్మ, నిర్మలమ్మ మాత్రం నాటి నుండి మాట లేకుండా ఉండిపోయారు. ఇద్దరి జాకెట్లూ చాంద్‌బీ వద్దనే, ఎందుకంటే చంక పట్టకుండా కుట్టగల మనిషి వారికి మరొకరు దొరకలేదు. ఇద్దరూ ఒకనాడే తన గదికి రాకుండా చూసుకోవడం చాంద్‌బీ పనిలో ఒక భాగం.

అందుచేత, ఉత్తరాదిన ఒక పాత ఇంటిలో రెండు పొయ్యిలు పెట్టుకొని మాట లేకుండా బ్రతికే తోడికోడళ్ల సినిమా యాప్ అడుగున దొరికినప్పుడు, ఆమె దానిని తిరుపాలమ్మ కోసమే దాచింది. దురుద్దేశం లేదు, కొంటెతనం ఉంది. చేతులు చాపి నిలబడిన మనిషి ఎక్కడికీ పోజాలదు, ఎదుటి అద్దంలో ముఖం దాచుకోజాలదు. ఆ ముఖం ఎట్లా మారుతుందో చూడాలని ఆమె ఆశ. రొట్టెలను సంగటిగానూ, ఉత్తరాది వీధిని జమ్మలమడుగు వీధిగానూ మార్చి చెప్పుకొంటూ పోయింది.

"మాట ల్యాకుండా ఎన్నేండ్లు ఉండిరి?" అని తిరుపాలమ్మ అద్దంలోకి చూస్తూ అడిగింది.

"శానా ఏండ్లక్కా. లెక్కబెట్టుకునేది గూడా మానేసినారు."

"తప్పెవురిది?"

"ఊపిరి బిగబట్టాకు అక్కా, నడుము కొలత తప్పు వస్తాంది."

పెద్దకోడలు ఒక తెల్లవారుజామున నడవా దాటి, చిన్నకోడలి తలుపు గొలుసు మీద చేయి వేసిన చోట చాంద్‌బీ టేపు చుట్టి పెట్టింది. కువైట్‌లో డ్యూటీ దిగి ఆమె తెర నల్లబడింది ఆ చోటనే.

శనివారం తిరుపాలమ్మ గది తాళం తీయకముందే వచ్చి వాకిట నిలబడి ఉన్నది. జాకెట్టు విప్పి చూడనైనా చూడలేదు. చాంద్‌బీ అంతకు ముందురోజు కాజాలు కుడుతూ అల్లిన ముగింపు వినిపించింది. పెద్దకోడలు గొలుసు తట్టుతుంది. తలుపు తెరుచుకొంటుంది. నీ చేతి సంగటి తిని శానా కాలమైంది, ఒక ముద్ద పెట్టు అని పెద్దది అడుగుతుంది. చిన్నది మారు మాట లేకుండా కంచం తెస్తుంది. ఆ పూట రెండు పొయ్యిలలో ఒకటి ఆరిపోతుంది. తిరుపాలమ్మ పిమ్మట కొంగుతో ముఖం తుడుచుకొని, "సోమవారం పులివెందులకు పోతాండా," అన్నది. ఎవరింటికని అడగవలసిన పని లేదు.

ఆ సాయంకాలం చాంద్‌బీ తనలో తాను ఎంతో మురిసిపోయింది. ఆ మురిపెం మరునాటి పగలు పదింటిదాకా నిలిచింది. పదింటికి మిషను బెల్టు తెగింది. బాగుచేసేవాడు ఆదివారం రాడు. చేతులు ఖాళీ. కువైట్‌లో ఆదివారం పనిదినమే గనుక గదిలో ఎవరూ లేరు. చాంద్‌బీ ఎన్నడూ లేనిది మంచం మీద కూర్చొని, కళ్లతో, ఆ సినిమా చివరి అరగంట చూసింది.

పెద్దకోడలు గొలుసు తట్టింది. తలుపు తీసినవాడు ఎవరో కొత్తమనిషి. చిన్నకోడలు తన వాటా అమ్ముకొని, రాత్రికి రాత్రి సామాను ఎత్తించి, ఏ ఊరు పోయిందో చెప్పకుండా పోయింది. పెద్దకోడలు చేతిలో తెచ్చిన గిన్నెతో నడవాలో నిలబడి ఉండగా సినిమా అయిపోయింది. పాట లేదు. ఏడుపు లేదు. చాంద్‌బీ ఫోను పక్కన పెట్టి, మిషను తిరుగుతూ ఉన్నట్లయితే కూడా ఆగిపోయి ఉండేదని ఒప్పుకొన్నది. ఇంత మంచి సినిమా ఆ అడుగున ఎట్లా పడి ఉన్నదో అనుకొన్నది. ఆ వెంటనే సోమవారం గుర్తుకు వచ్చి ఆమె మంచం మీది నుండి లేచి నిలబడింది.

తిరుపాలమ్మ పుట్టి బుద్ధెరిగి ఒకరి గుమ్మం ముందు తల వంచిన మనిషి కాదు. చాంద్‌బీ అల్లిన అబద్ధాన్ని నమ్మి ఇప్పుడు వంచబోతున్నది. నిర్మలమ్మ ముఖం మీద తలుపు వేసిందా, ఆ మనిషి ఇక ఈ జన్మలో అటు అడుగు పెట్టదు. రెండు ఊళ్లూ నవ్వుతాయి. రెండిళ్ల మధ్య మిగిలి ఉన్న సన్నని దారి కూడా తన నోటి చలవ వల్ల మూసుకొనిపోతుంది. చాంద్‌బీ ఫోను చేసింది. ఆ సినిమా కడాన ఒక చిన్న సంగతి ఉందక్కా అని మొదలుపెట్టగా, అవతలి నుండి తిరుపాలమ్మ అడ్డుకొన్నది.

"నువ్వేం చెప్పాకు ఇంక. నేను అద్దం ముందర నిలబడి ఆ మాట నేర్చుకుంటాండా. మతి చెడగొట్టాకు."

ఒక పక్క మార్చడానికి వీలు లేనప్పుడు రెండవ పక్క మార్చవలసిందేనని చాంద్‌బీ నిశ్చయించుకొన్నది. నిర్మలమ్మ ఇచ్చిపోయిన వంగపండు రంగు జాకెట్టు ఇంకా టాకాల దశలో, పచ్చి కుట్టు మీద ఉంది. దానినీ, గుండుసూదుల డబ్బానూ సంచిలో వేసుకొని, సోమవారం తెల్లవారుతూనే ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కింది. ఇన్నేండ్ల వృత్తిలో కుట్టించుకొనేవారి ఇంటికి తానుగా పోవడం అదే మొదలు.

"ఏంది చాంద్‌బీ, జాకెట్టే నడిచొచ్చిందే ఇంటికి?" అని నిర్మలమ్మ ఎదురు వచ్చింది.

"భుజం కాడ కొంచెం అనుమానంగా ఉండాదక్కా. ఒకసారి వేసి చూస్తే మేలని."

"ఇన్నేండ్లుగా రాని అనుమానం ఈ పొద్దే వచ్చెనా?"

చాంద్‌బీ వెలుతురు చాలదని వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిపించింది. నిర్మలమ్మకు జాకెట్టు తొడిగి, పైన పైట సర్ది, భుజాలకూ చేతులకూ గుండుసూదులు దిగ్గొట్టి, కదిలితే గుచ్చుకొంటాయని హెచ్చరించి, సినిమా మొదలుపెట్టింది. ప్రొద్దుటూరులో పెద్దకోడలు సాధ్వి. పులివెందులకు వచ్చేసరికి చిన్నకోడలు సాధ్వి అయింది. పెద్దకోడలికి కాస్త నోటి దురుసు వచ్చింది. నిర్మలమ్మ శ్రద్ధగా విన్నది. ఆ ఇంట్లో బోరు ఎవరి వైపు ఉందని అడిగింది. బోరు లేదు, కొళాయి అని చాంద్‌బీ సర్దుకొన్నది. కథ తలుపు దాకా వచ్చింది.

"పెద్దామె వచ్చి గొలుసు తడితే తీస్తాదా చిన్నామె?"

"తీస్తాదక్కా. మంచిది గదా ఆ యమ్మ."

"నేనైతే తీయను."

"ఒక ముద్ద సంగటి పెట్టమని అడిగినాదనుకో?"

"అడిగినా తీయను. ఆకలైనప్పుడే గుర్తొచ్చినానా?"

వీధిలో కారు ఆగిన చప్పుడైంది. తలుపు తీయడమా మానడమా అన్న ప్రశ్న అప్పటికే దాటిపోయింది; అది బార్లా తెరిచి ఉన్నది. గుమ్మంలో తిరుపాలమ్మ నిలబడింది. ఎదుట చేతులు చాపుకొని, దిష్టిబొమ్మ వలె కదలలేని తోడికోడలు. ఆమె వెనుక నోట నాలుగు గుండుసూదులు కరచుకొని చాంద్‌బీ. తిరుపాలమ్మ చూపు ఒకరి మీద నుండి మరొకరి మీదికి పోయింది. ఐనా నేర్చుకొన్న మాట నేర్చుకొన్నట్లే బయటికి వచ్చింది.

"నిర్మలా. నీ చేతి సంగటి తిని శానా కాలమైంది. ఒక ముద్ద..."

అక్కడ ఆగిపోయింది. ఆనాడు కార్తీక సోమవారం. తిరుపాలమ్మ ఉపవాసం. చుక్క పొడిచేదాకా మెతుకు ముట్టదు. అద్దం ముందర ఆ మాట ఎన్నిసార్లు వల్లించినా ఆమెకు ఆ సంగతి తట్టలేదు. సంగటిని కథలో పెట్టిన చాంద్‌బీకి తట్టే అవకాశమే లేదు. ఎదుట నిలబడిన నిర్మలమ్మది కూడా ఉపవాసమే. ఆ ఇంట పొయ్యి వెలగనే లేదు. తిరుపాలమ్మ సినిమాలో లేని మాట అన్నది.

"నీళ్లు గావల్ల."

చాంద్‌బీ కళ్లు మూసుకొన్నది. ఆరేండ్లు కోర్టులో నలుగుతున్నవి నీళ్లు. ఆ ఇంటి ముందు నిలబడి అడగకూడనిది ఏదైనా ఉంటే అది అదే.

"నీళ్లా?" అన్నది నిర్మలమ్మ. "నీళ్లు కోర్టులో అడగతానే ఉండావు గదక్కా. దానికింత దూరం రావల్నా?"

"కోర్టు నీళ్లు ఇంకా రాల్యా," అన్నది తిరుపాలమ్మ. "నాకు దప్పిక ఇప్పుడైతాంది."

 నిర్మలమ్మ పెదవి ఒక పక్కకు వంకర తిరగడం చాంద్‌బీ చూసింది. అది కోపమో నవ్వో ఆమెకు అంతుబట్టలేదు. నిర్మలమ్మకు కూడా అంతుబట్టినట్లు లేదు.

"నా చేతులు ఈ యమ్మ సూదుల్లో పెట్టింది. కదిలితే గుచ్చుకుంటాయంట. బిందె ఆన్నే ఉండాది. పోయి ముంచుకో."

తిరుపాలమ్మ చెప్పులు విడిచి, వారిద్దరినీ దాటుకొని వంటింట్లోకి పోయింది. బిందె మూత తీసిన చప్పుడు, చెంబు మునిగిన చప్పుడు వినబడ్డాయి. ఆమె నిలబడే తాగి, మళ్లీ ముంచి, చెంబు పట్టుకొని వచ్చి, నిర్మలమ్మ నోటికి అందించింది. చేతులు చాపి ఉన్న మనిషి కాదనడానికి గాని, తీసుకొనడానికి గాని వీలు లేక, మెడ ముందుకు చాచి తాగింది. కొన్ని నీళ్లు వంగపండు పట్టు మీద ఒలికాయి. పట్టు పాడైపోతుందని చాంద్‌బీ ప్రాణం కొట్టుకొన్నది.

తాగడం అయ్యాక, ఆ సంగటి మాట తాము విన్న ఒకే సినిమాలోదని తెలిసి, ఇద్దరూ ఒక్కసారే చాంద్‌బీ వైపు తిరిగారు. పెద్దది మంచిదని నాకు చెప్పలేదా అని తిరుపాలమ్మ, చిన్నది మంచిదని ఇప్పుడే గదా చెప్పినావని నిర్మలమ్మ. ఆరేండ్లుగా ఒకరి కోసం ఒకరు దాచిపెట్టుకొన్న తిట్లన్నీ ఇద్దరూ కలిసి ఆమె మీద కుమ్మరించారు. ఆమె సంచిని తిట్టారు, ఫోనును తిట్టారు, చంక కుట్టును కూడా తిట్టారు. చాంద్‌బీ ఒక్కొక్క సూదినే తీసి డబ్బాలో వేసుకొంటూ ఓర్పుతో విన్నది. లోపల ఆమెకు మహా హాయిగా ఉన్నది. చివరికి నిర్మలమ్మ, సినిమాలో అసలు జరిగిందేమిటో ఇప్పుడైనా నిజం చెప్పమన్నది.

అబద్ధమాడడానికి ఇది మంచి సమయం. చాంద్‌బీ నాలుక మీద మూడు ముగింపులు సిద్ధంగా ఉన్నాయి. ఐనా ఆమె నిజమే చెప్పింది. తలుపు తీసిన కొత్తమనిషి, అమ్ముడైన వాటా, గిన్నెతో నడవాలో నిలబడిన పెద్దకోడలు.

నిర్మలమ్మ మంచం మీద కూర్చున్నది. తల ఎత్తకుండా, "నీ మరిది తొండూరు తోటలో మా వాటా అమ్మేదానికి ఒకాయనతో మాట్లాడుకున్నాడక్కా," అన్నది. "బేస్తవారం అడ్వాన్సు ఇస్తానన్నాడంట."

"నాతో ఒక మాట చెప్పల్యా?"

"చెప్పేదానికి నువ్వు యాడుండావు?"

 తిరుపాలమ్మ కూడా ఆ మంచం మీదనే, కొంచెం ఎడంగా కూర్చున్నది. "అమ్మొద్దని చెప్పు నిర్మలా. వంతు సంగతి నేను మీ బావతో మాట్లాడతా. రెండు దినాలు ఎక్కువ మీరే పెట్టుకోండి," అన్నది. నిర్మలమ్మ అప్పటికప్పుడు సరేననలేదు. మొగుణ్ణి అడగాలన్నది. ఆ అనడంలోనే అడగబోయేది లేదని, చెప్పబోతున్నదని చాంద్‌బీకి అర్థమైంది. ఆమె తడిసిన జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకొని, సాయంకాలం బస్సుకు ప్రొద్దుటూరు చేరింది.

తరువాతి సంగతులు ఇవి. తొండూరు తోటలో వాటా అమ్మలేదు. బోరు నీళ్ల వంతు నిర్మలమ్మ వారికి రెండు దినాలు ఎక్కువైంది. వ్యాజ్యం మాత్రం ఇప్పటికీ నడుస్తున్నది; అన్నదమ్ములకు వాయిదాలకు పోవడం అలవాటైంది. వంగపండు జాకెట్టు మీద నీటి మరక పోలేదు. నిర్మలమ్మ పెండ్లిలో పైట నిండుగా కప్పుకొని తిరిగింది. రెండువేల ఇరవై ఐదు మార్చిలో తిరుపాలమ్మకు కర్నూలులో మోకాలి ఆపరేషన్ జరిగినప్పుడు నిర్మలమ్మ ఆసుపత్రిలో తోడున్నది. చాంద్‌బీ ఇప్పుడు దిల్షాద్‌బీ అనే ఆమెను పనికి పెట్టుకొని రెండు మిషన్లు నడుపుతున్నది. సినిమాలు చెప్పడం మానలేదు గాని, ఎక్కడి నుండి తన అల్లికో ముందే చెబుతుంది. చాలామంది ఆ అల్లికే చాలునంటారు. గౌస్ మొహిద్దీన్ కువైట్‌లోనే ఉన్నాడు. వచ్చే రంజాన్‌కు సెలవు అడిగాడు.